రెండోది రాయి

ఏడేళ్ళ పిల్లల కోసం చేసిన బెంచీలో యాభై దాటిన మనిషి కూర్చోవాల్సి వస్తే మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలన్నది గుర్తింపు మండలి మార్గదర్శకాల్లో ఎక్కడా రాసి లేదు. మిగతా అన్నీ రాసి ఉన్నాయి. పరిశీలకురాలు ముందు వాటిని బల్ల కింద ఇరికించి చూసింది, బల్ల పైకి లేచింది. పక్కకి తిప్పి చూసింది, పక్కన కూర్చున్న పిల్ల జరిగి జరిగి గోడకి అంటుకుపోయింది. చివరికి ఒక కాలు నడవలోకి చాపి, రెండోది పిల్ల వైపు మడిచి, ఎలాగో కుదురుకుంది. ఆలోపే గంట మోగడమూ, పాఠం చెప్పాల్సిన ట్రైనీ, నీలం చొక్కా అమ్మాయి, బల్ల మీద నీళ్ళ తొట్టి పెట్టడమూ అయిపోయాయి. తొట్టి పక్కన ఒక గుడ్డ సంచి, ఉబ్బెత్తుగా ఉంది. అందులో ఏముందో? పరిశీలకురాలికి చిన్నప్పటి నుంచీ మూతి కట్టిన సంచి కనిపిస్తే మనసు నిలవదు. పొద్దున్న ఈ ఉపాధ్యాయ శిక్షణ కాలేజీ వాళ్ళు ఫైళ్ళ గది తెరిచి చూపించినప్పుడు ఇంత ఆత్రం కలగలేదు. రంగురంగుల అట్టలతో గోడంతా ఫైళ్ళే, పెళ్ళికి సున్నం కొట్టిన ఇల్లులా ఉంది ఆ గది. కమిటీ అధ్యక్షుడు ఒక ఫైలు తీసి, మురిసి, మళ్ళీ జాగ్రత్తగా పెట్టేసి ఆమెను పక్కకి పిలిచాడు. “ఫైళ్ళకేం మేడమ్, బ్రహ్మాండంగా ఉన్నాయి. కాకపోతే పోయినసారి కమిటీ రాసిన ముక్క ఒకటుంది కదా, అది ఫైళ్ళలో కనబడేది కాదు. మీరు క్లాసు చూసి రండి. మీరు ఊ అంటే ఊ, ఊహూ అంటే ఊహూ.” అంత బరువు ఆమె నెత్తిన పెట్టి ఆయన మాత్రం నింపాదిగా టీ తాగడానికి వెళ్ళాడు.

ఆ ముక్క ఆమెకు కంఠతా వచ్చు. ఇక్కడ ఉపాధ్యాయ శిక్షణ పొందేవాళ్ళు తమ మార్గదర్శి చాటు నుంచి బయటికి రావడం లేదు, ఆమె పక్కన లేకపోతే పాఠం చెప్పలేరు, అని. ఆ ఒక్క వాక్యం మీద రెండేళ్ళుగా ఈ కాలేజీకి ప్రభుత్వ గుర్తింపు షరతుల మీద వేలాడుతోంది. ఈసారి కూడా అదే మాట వస్తే శిక్షణ కోర్సు మూతపడుతుంది. సగం చదువులో ఉన్నవాళ్ళు ఇంకో ఊళ్ళో ఇంకో కాలేజీ వెతుక్కోవాలి, దొరికితే. ఈ సంగతి నీలం చొక్కా అమ్మాయికి తెలియదనుకోవడానికి లేదు. గొంతు కాస్త ఎత్తులో అందుకుంది, పాడేవాళ్ళు శ్రుతి పెంచుకుని చివర్లో అవస్థ పడతారే, అలాగ. “ఇవాళ మనం నీళ్ళలో ఏవి తేలతాయో, ఏవి మునుగుతాయో చూద్దాం. అసలు పడవ ఎందుకు తేలుతుందో ఎవరు చెప్తారు?” అంది. అనడమే ఆలస్యం, క్లాసంతా చేతులు లేచాయి. అన్నీ కుడిచేతులే. పరిశీలకురాలికి నవ్వొచ్చింది, ఆపుకుంది, కళ్ళు మాత్రం ఒక్కో చెయ్యినీ తడుముతూ వెళ్ళాయి, ఎడమది ఒక్కటైనా ఉందా అని.

ఎందుకంటే ఆమె మూడో తరగతిలో ఉండగా ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే వాళ్ళ టీచరు ముందురోజే ఒక ఏర్పాటు చేసింది. జవాబు తెలిసినవాళ్ళు కుడిచెయ్యి ఎత్తండి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి ఎత్తండి, చెయ్యి ఎత్తని వాళ్ళెవరూ ఉండకూడదు. చూసేవాడికి క్లాసు మొత్తం సరస్వతీపుత్రులే. అంతా బాగానే ఉంది కానీ ఈమెది పుట్టుకతో ఎడమచేతి వాటం. ఆరోజు అడిగిన ప్రతి ప్రశ్నకీ ఆమెకు జవాబు తెలుసు, ప్రతిసారీ తెలిసిన ఉత్సాహంలో ఎడమచెయ్యే లేచింది, ప్రతిసారీ టీచరు కళ్ళు ఆమె మీంచి జారి ఇంకొకరి దగ్గర ఆగాయి. ఇంటికొచ్చి అమ్మ ఒళ్ళో పడి ఏడ్చింది. అప్పటి ఏడుపు ఎప్పుడో ఆరిపోయింది, ఒక ప్రశ్న మాత్రం మిగిలింది: ఆ ఇన్‌స్పెక్టరు కనిపెట్టాడా? అన్ని చేతులు లేచిన గదిలో, రెక్క ఊడేలా చెయ్యి ఊపుతున్న ఒక పిల్లని ఒక్కసారైనా అడగలేదేమని ఆయనకి అనిపించిందా? ఆమె ఈ ఉద్యోగంలోకి రావడానికి అదే కారణమని చెప్తే అతిశయం అవుతుంది. కానీ ఏ క్లాసులో కూర్చున్నా ముందు చేతులు చూస్తుంది. పక్కన గోడకి అంటుకున్న పిల్ల ఏ చెయ్యీ ఎత్తలేదు. తల వంచుకుని పరిశీలకురాలి మడిచిన కాలి కేసి, దాని బూటు కేసి అదే పనిగా చూస్తోంది.

పడవ సంగతి ముందు వరుసలో పళ్ళూడిన పిల్ల చెప్పింది, తడుముకోకుండా, అచ్చు గుద్దినట్టు. ఇంకో పిల్లవాడు చెప్పాడు, వాడిదీ అలాగే. అప్పుడే ఎందుకో పరిశీలకురాలి చూపు గది వెనక మూలకి పోయింది. అక్కడ కుర్చీలో మార్గదర్శి కూర్చుని ఉంది, కాలేజీలో అందరూ పెద్ద టీచరమ్మ అంటారట. నెరిసిన జుట్టు, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళజోడు. ఆ కళ్ళజోడు ఊరికే ఉండడం లేదు. అమ్మాయి మాట జోరందుకోగానే పెద్ద టీచరమ్మ కళ్ళజోడు పెట్టుకుంది, అమ్మాయి వెంటనే నెమ్మదించింది. కాసేపటికి పెద్ద టీచరమ్మ చెవి సవరించుకుంది, అమ్మాయి గొంతు పెంచింది. పెన్ను మూత టక్కుమంది, అమ్మాయి తర్వాతి మాటకి వెళ్ళిపోయింది. ఓహో, అనుకుంది పరిశీలకురాలు. ఇలాంటిది ఒకటి పట్టుకున్నప్పుడు కోపం రావాలి నిజానికి, కానీ ఆమెకు ముందు సరదా పుడుతుంది. కళ్ళజోడు తియ్యడానికి అర్థం ఏమిటి? గడ్డం రుద్దుకుంటే? ఇదంతా ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని పెట్టుకున్నారా, లేక కలిసి పనిచేసి చేసి తమకే తెలియకుండా అలవాటైపోయిందా? అసలు పెద్ద టీచరమ్మకి తన చెయ్యి కదులుతోందని తెలుసా?

తెలియకపోవచ్చు. మా ఇంటాయనకి తెలుసా ఏమన్నా, అనుకుంది పరిశీలకురాలు. కారు నేర్పింది ఆయనే, లైసెన్సు వచ్చి పదిహేనేళ్ళయింది, నిన్నటికి నిన్న ఇద్దరూ బజారుకెళ్తే ముందు లారీ కాస్త నెమ్మదించగానే పక్క సీట్లో ఆయన కుడికాలు నేలకేసి తొక్కింది. అక్కడ బ్రేకేమీ లేదు, కాలికింద పట్టా ఉంది అంతే, అదీ ఆ ఒక్కచోటే అరిగి చిల్లుపడింది. “ఏంటండీ ఆ తొక్కుడు?” అంటే “ఏం తొక్కాను? నేనేం తొక్కలేదే!” అంటాడు, పైగా నిజాయితీగా అంటాడు. ఒకసారి పట్టాలో చిల్లు చూపించింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సరుకు నాసిరకం అన్నాడు మహానుభావుడు. ఆయన పక్కన ఉంటే ఆమెకు చేతనైన పని కూడా చేతకాదు, గేరు తడబడుతుంది, మలుపు దాటిపోతుంది. ఒక్కతే వెళ్తే హాయిగా పాడుకుంటూ వెళ్తుంది. మరి నేర్పింది ఆయనే కదా, ఆయన నేర్పకపోతే వచ్చేదా? రాదు. మరి వచ్చింది ఎప్పుడు? ఆయన పక్కన ఉన్నప్పుడా, లేనప్పుడా? పాఠం చెప్పడమూ ఇంతే కాబోలు. ఎన్ని కాలేజీలు తిరిగిందో, పోయిన ప్రతిచోటా అడిగింది, ఒక మనిషి టీచరు అయ్యేది ఎప్పుడు, ఏ రోజున, అని. ఒకాయన శిక్షణ పట్టా చేతికి అందిన రోజున అన్నాడు, ఇంకొకాయన మొదటి జీతం అందుకున్న రోజున అని తనే పకపకా నవ్వాడు, ఒక ముసలాయన చాలాసేపు ఆలోచించి నాకింకా ఆ రోజు రాలేదమ్మా అన్నాడు. ఎవరి జవాబూ సరిపోలేదు. ఎలాగైనా ఒకసారి కళ్ళారా చూడాలని ఉంది ఆమెకి, గింజ పగిలి మొలక బయటికొచ్చే క్షణం ఎవరి కంటా పడదంటారు, అలాగే ఇదీ కనబడదేమో, ఈలోగా అమ్మాయి సంచి మూతి విప్పింది.

మొదట ఆకు. చెయ్యి సంచిలో ఉండగానే, ఆకు కొస ఇంకా బయటికి రాకుండానే, పిల్లలంతా ఒక్క గొంతుతో “తేలుతుంది!” అని అరిచారు. పరిశీలకురాలి నడుము నిటారైంది. ఆకు అని వీళ్ళకెలా తెలుసు? అమ్మాయి ఆకుని నీళ్ళ మీద పెట్టింది, తేలింది, అందరూ చప్పట్లు కొట్టారు. మళ్ళీ చెయ్యి సంచిలోకి వెళ్ళింది. వేళ్ళు లోపల దేనికోసమో తడుముకుంటున్నాయి, వెనక బెంచీ నుంచి కూడా తెలుస్తోంది. “మునుగుతుంది!” అని అరిచింది క్లాసు, చెయ్యి బయటికి రాకముందే, మహా ధీమాగా. చేతిలోంచి వచ్చింది కొవ్వొత్తి. అమ్మాయి దాన్ని చూసుకుంది, పిల్లల్ని చూసింది, చెయ్యి ఆగకుండా పాత అలవాటున నీళ్ళలో వదిలేసింది. కొవ్వొత్తి నిక్షేపంగా తేలింది. కొందరు పిల్లలు చప్పట్లు మొదలెట్టి మధ్యలో ఆపేశారు. ఒకడు కొవ్వొత్తికేసి అది తన పరువు తీసిందన్నట్టు కోపంగా చూశాడు.

గుట్టు రట్టయింది. పాఠం ముందే చేయించారు, ఒకసారి కాదు, పిల్లలకి వరస కంఠతా వచ్చేదాకా చేయించారు, సంచిలోంచి ఏది ముందు ఏది వెనక అన్నది కూడా. కమిటీ చూసే పాఠాన్ని ముందుగా వల్లె వేయించకూడదన్నది మొదటి నిబంధన, అది తెలియని కాలేజీ లేదు, పాటించిన కాలేజీ ఆమె చూడలేదు. కానీ ఇంత అమాయకంగా దొరికిపోయిన కాలేజీని కూడా చూడలేదు. అమ్మాయి చూపు తిన్నగా వెనక మూలకి పరిగెత్తింది, ఇప్పుడేం చెయ్యను అని. పెద్ద టీచరమ్మ చెయ్యి లేచింది కూడా, కళ్ళజోడు దాకా వెళ్ళింది, పరిశీలకురాలు చూస్తోంది, ఏ సైగ చేస్తుంది, తర్వాతి వస్తువు తియ్యమంటుందా, కొవ్వొత్తిని కప్పిపుచ్చమంటుందా, కాపాడితే పాఠం గట్టెక్కుతుంది కానీ కోర్సు మునుగుతుంది, పోయినసారి రాసిన ముక్కే మళ్ళీ రాయాలి, కాపాడకపోతే ఈ పిల్ల ఇక్కడే కూలబడుతుంది. చెయ్యి గాలిలో ఆగిపోయింది. తన చేతిని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు పెద్ద టీచరమ్మ దానికేసి చూసుకుంది. అలా చూస్తూనే దించేసింది. కుర్చీ వెనక్కి జరిపి లేచింది, అమ్మాయి కళ్ళలోకి చూడకుండా గోడవారన నడిచి గదిలోంచి బయటికి వెళ్ళిపోయి, వెనకాలే తలుపు దగ్గరగా వేసింది. చెప్పుల చప్పుడు వరండాలో దూరమైంది. పదిహేనేళ్ళుగా పరిశీలకురాలి ఇంటాయన చెయ్యలేని పని అది, కారు దిగిపోవడం. పెద్ద టీచరమ్మ కాళ్ళు ఎంత బరువుగా కదిలి ఉంటాయో ఆమె ఊహించగలదు, రెండేళ్ళ కష్టమంతా ఇక్కడ బల్ల మీద ఒదిలేసి వెళ్తోంది మనిషి.

అమ్మాయి మూసిన తలుపుకేసి చూస్తూ ఉండిపోయింది. ఏడుస్తుందేమో, ఏడిస్తే ఏడవనీ, కానీ ఏదో ఒకటి చెయ్యి తల్లీ, అనుకుంది పరిశీలకురాలు, చూసే మనిషి అలా అనుకోకూడదని తెలిసీ అనుకుంది. అమ్మాయి తడి చేతులు చొక్కాకి తుడుచుకుంది. నీలం మీద రెండు ముదురు మచ్చలు పడ్డాయి. “మీరందరూ మునుగుతుందన్నారు,” అంది పిల్లలతో. గొంతు పడిపోయింది, ఎత్తులోంచి మామూలు మనిషి గొంతులోకి దిగింది. “ఎందుకన్నారు?”

పళ్ళూడిన పిల్ల లేచి నిలబడింది. “నిన్న రెండోది రాయి కదా టీచర్! మొన్న కూడా రాయే. మీరే మార్చేశారు.”

ఆ పిల్ల ఫిర్యాదు చేస్తోంది, పాపం, న్యాయం తనవైపే ఉందని. పరిశీలకురాలు పెదవి కొరుక్కుంది. ఇలాంటి చోట్ల టీచర్లు ఏం చేస్తారో ఆమె చాలానే చూసింది, కూర్చో అంటారు, అలా కాదమ్మా అంటారు, నవ్వేసి దాటేస్తారు. అమ్మాయి వెనక బెంచీ కేసి, ఆ మోకాళ్ళ కేసి కూడా చూసింది, తప్పించుకునే దారి లేదని గ్రహించినట్టుంది, ఎందుకో భుజాలు సడలాయి. “నిజమే, నిన్న రెండోది రాయే,” అంది. “అంటే మీరు కొవ్వొత్తిని చూసి చెప్పలేదు. నిన్నటిని చూసి చెప్పారు. తప్పు మీది కాదు, నాది, నేనే అలా అలవాటు చేశాను. ఇప్పుడు ఈ సంచి పక్కన పెట్టేద్దాం. నిన్న లేనిది, మొన్న లేనిది, నేను కూడా ఎప్పుడూ నీళ్ళలో వేసి చూడనిది ఏదైనా కావాలి నాకు. ఎవరైనా చెప్తారా?”

ఒక్క చెయ్యి కూడా లేవలేదు. కుడీ లేదు, ఎడమా లేదు. వరస తప్పిన పాఠంలో ఏం చెయ్యాలో పిల్లలకి ఎవరూ చెప్పలేదు మరి. పరిశీలకురాలు మాత్రం, ఆగు, తొందరపడి నువ్వే చెప్పెయ్యకు, ఇంకొంచెం ఆగు, అని అమ్మాయికి లోపల్లోపల చెప్తోంది, ఉన్నట్టుండి నడవలోకి చాపిన తన కాలు కూడా నేలకేసి గట్టిగా అదుముకుపోయి ఉందని గమనించి ఉలిక్కిపడింది. అరెరె, ఇంటాయనని ఎన్ని మాటలంది! కాలు వదులు చేసింది. అప్పుడు గోడ పక్క పిల్ల చెయ్యి లేచింది, భుజం దాకా కూడా కాదు, చెవి దాకా. ఎడమచెయ్యి. అమ్మాయి చూసింది. అంత దూరంలో, అంత చిన్న చెయ్యిని చూసింది. “చెప్పమ్మా,” అంది.

“ఈవిడ బూటు,” అంది పిల్ల, వేలుతో చూపిస్తూ.

క్లాసు గొల్లుమంది. అమ్మాయి నాలుక కరుచుకుంది, నవ్వూ భయమూ కలిసి మొహం ఎర్రబడింది, కానీ వద్దనలేదు. పరిశీలకురాలి కేసి చూసింది, పర్యవేక్షకుల్ని చూసే చూపు కాదు అది, పక్కింటికి గ్లాసుడు పంచదారకి వెళ్ళినవాళ్ళ చూపు. పరిశీలకురాలు తన బూటుని కొత్తగా చూసుకుంది. తోలుది, రబ్బరు అడుగుది, రెండేళ్ళుగా తొడుగుతోంది. ఇది తేలుతుందా? తోలు తేలుతుంది, కాదు, నానుతుంది. రబ్బరు? లోపల గాలి ఉంటుంది కదా, పడవలా. కానీ తాడు దూర్చే చిల్లులున్నాయే! ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పింది, తర్వాత పాఠాలు చెప్పేవాళ్ళకి మార్కులు వేసింది, తన కాలి బూటు సంగతి తనకే తెలియదు. ఎంత చిత్రం! వంగి తాడు విప్పింది, విప్పుతుంటే చేతులు తొందరపడ్డాయి, చిన్నపిల్లలా ఆత్రంగా ఉంది, మొహమాటమన్న మాటే గుర్తు రాలేదు.

బూటు తేలింది. సగం క్లాసు గెలిచినట్టు ఎగిరింది. అమ్మాయి చప్పట్లు కొట్టించలేదు, మోచేతులు బల్లకి ఆనించి తనూ చూస్తూ కూర్చుంది. కాసేపటికి బూటు కొంచెం ఒరిగింది, తాడు చిల్లుల్లోంచి బుడగలు వచ్చాయి, మడమ నెమ్మదిగా దిగి తొట్టి అడుగుకి తగిలింది, ముక్కు మాత్రం నీళ్ళ పైనే నిలబడింది. “మునిగింది!” “తేలింది!” “మునిగింది కానీ తేలింది!” పిల్లలు బెంచీలు దిగి తొట్టి చుట్టూ చేరారు, పళ్ళూడిన పిల్ల బూటు ముక్కులో ఇంకా గాలి ఉందంది, ఒకడు కాదు తోలు తేలికన్నాడు, గోడ పక్క పిల్ల ఎప్పుడు వెళ్ళిందో ముందుకి వెళ్ళి, రేపటికి నాని మునుగుతుందంది, ఇంకొకడు ఎన్నటికీ మునగదని ఒట్టు పెట్టాడు. “ఇందాక తేలినప్పుడు లోపల ఏముంది? ఇప్పుడేముంది?” అని అడిగింది అమ్మాయి, అడిగి ఊరుకుంది. జవాబు వచ్చేదాకా నిజంగా ఊరుకుంది. ఆ ఊరుకోవడం చూసి పరిశీలకురాలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకు తిరిగాయో దాచుకోవాల్సిన పనేం లేదు, ఆనందానికే. ఇన్నాళ్ళుగా ఎక్కడెక్కడో అడిగిన ప్రశ్నకి జవాబు తొట్టికవతల మోచేతులు ఆనించుకుని కూర్చుని ఉంది, దానికి తను జవాబునని కూడా తెలియదు.

రాయడానికి ఏముంది, అంతా రాస్తుంది. పాఠం వల్లె వేయించారని రాస్తుంది, అది తప్పు, దానికి మార్కులు పోతాయి, పోవాలి. పిల్ల నోట బయటపడ్డ తప్పుని టీచరు తనదేనని ఒప్పుకుందని రాస్తుంది. మార్గదర్శి గది వదిలి వెళ్ళిందని, తలుపు మూసుకున్నాక ఇక్కడ పాఠం మొదలైందని రాస్తుంది. అధ్యక్షుడు చదివి కళ్ళు పైకెత్తి, అయితే ఊ అంటారా ఊహూ అంటారా మేడమ్, అంటాడు. ఊ అంటుంది. ఎవరడిగినా ఊ అనే అంటుంది. గంట మోగింది. ఆమె లేవబోయింది, మోకాళ్ళు బల్లకి కొట్టుకున్నాయి, తొట్టి దగ్గరకి వచ్చి బూటుకి చెయ్యి చాపింది. గది మొత్తం ఒక్కసారిగా “వద్దు!” అని అరిచింది. ఇది మాత్రం ఎవరూ వల్లె వేయించింది కాదు.

వరండా చివర కిటికీ దగ్గర పెద్ద టీచరమ్మ నిలబడి ఉంది, వెనక్కి చేతులు కట్టుకుని, ఒక చేతిని ఇంకో చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడు, టక్కుమనీ మెత్తగానూ మార్చి మార్చి వినిపిస్తున్న అడుగుల చప్పుడుకి తల తిప్పింది. ఆమె మొహం చూస్తే పరిశీలకురాలికి జాలేసింది, కోర్సు సంగతి అడిగితే నిబంధనల ప్రకారం చెప్పకూడదు, ఎలా తప్పించుకోవాలా అని ఆలోచిస్తూ దగ్గరికి వచ్చింది. పెద్ద టీచరమ్మ చూపు మేజోటి మీద ఆగింది. అక్కణ్ణుంచి క్లాసు తలుపు మీదకి పోయింది. లోపల గంట అయ్యాక కూడా పిల్లలు బయటికి రాలేదు, వాదించుకుంటున్నారు.

“బూటు నీళ్ళలో వేశారా?” అంది.

“వేశారండీ.”

పెద్ద టీచరమ్మ చేతులు విడివడ్డాయి. అడగాల్సిన ప్రశ్న పెదవుల దాకా వచ్చింది, అది రెండేళ్ళ నుంచీ నిద్ర లేకుండా చేసిన ప్రశ్న, కానీ దాన్ని తోసుకుని ఇంకొకటి ముందుకొచ్చింది.

“ఇంతకీ మునిగిందా, తేలిందా?”

“నాకూ తెలీదండీ,” అంది పరిశీలకురాలు. “రేపటిదాకా ఉంచమన్నారు. మీ టీచర్ని అడగండి.”

మేజోడు కాలితో ఆమె కమిటీ గది వైపు నడిచింది. పెద్ద టీచరమ్మ క్లాసు గది దాకా వెళ్ళి, తలుపు తీయబోయి ఆగి, వేళ్ళతో తట్టింది.